రోడ్డు దించితే పార్కింగు దొరికింది: డెల్టా పట్టణంలో ఒక బజారు వీధి కేసు

ఈ కేసు గోదావరి డెల్టాలోని ఒక చిన్న మున్సిపాలిటీది. ఊరి పేరు, వీధి పేరు చెప్పను. కొలతలను గుండ్రం చేశాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. అయినా డెల్టాలో పనిచేసిన మున్సిపల్ ఇంజనీర్లు చదివితే ఇది తమ ఊరేనేమో అనుకుంటారు. అందుకే రాయాలనిపించింది.

ఆఫీసులో ఆ వీధి మీద మూడు ఫైళ్లు ఉండేవి. ఒకటి పార్కింగుది, ఒకటి తారు రోడ్డుది, ఒకటి వాననీటి కాలువలది. మూడింటికీ వేరువేరు అంచనాలు, వేరువేరు కాంట్రాక్టర్లు. పార్కింగు ఫైలు పోలీసులకూ పట్టణ ప్రణాళిక విభాగానికీ మధ్య తిరిగేది. సలహాదారుగా నన్ను పిలిచింది కాలువల ఫైలు కోసం మాత్రమే.

నేపథ్యం

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన పంట కాలువలు మెరకల మీదుగా నడుస్తాయి. పొలానికి నీరు దానంతట అదే దిగాలి కనుక అలా తవ్వారు. చేలల్లో మిగిలిన నీటిని పట్టుకుపోయే మురుగు డ్రెయిన్లు పల్లంలో ఉంటాయి. కాలువల్లో పడవల మీద సరుకు వచ్చిన రోజుల్లో బజార్లన్నీ గట్టుల దగ్గరే, లాకుల పక్కనే పెరిగాయి. కాబట్టి డెల్టా పట్టణాల్లో చాలావాటికి ఒకవైపు ఊరికన్నా ఎత్తులో పారే పంట కాలువ, రెండోవైపు పల్లంలో డ్రెయిను, మధ్యలో బజారు ఉంటాయి. దసరా దాటాక వాయుగుండం పట్టిందంటే కాలువ నిండుగా ఉంటుంది, డ్రెయిన్లోకి చేల నీరు దిగుతూ ఉంటుంది, ఊరి నీటికి తోవ దొరకదు.

మన వీధి పొడవు సుమారు 700 మీటర్లు. అంగడి గోడ నుంచి ఎదుటి అంగడి గోడకు 15 మీటర్ల వెడల్పు. మధ్యలో ఏడు మీటర్ల తారు రోడ్డు, రెండు పక్కలా 1.2 మీటర్ల వెడల్పు, మీటరు లోతు వాననీటి కాలువలు. ఈ రెండూ దిగువన ఒకే కల్వర్టు దగ్గర కలిసి డ్రెయిన్లో పడతాయి. ఎగువ చివర నుంచి కల్వర్టు దాకా కాలువ అడుగుకు దొరికే వాలు మొత్తం 28 సెంటీమీటర్లు. జానెడు మీద మూడు వేళ్లు, అంతే. ఈ కేసులో ప్రతి నిర్ణయమూ ఈ జానెడు చుట్టూనే తిరిగింది.

వచ్చిన ఫిర్యాదులు

రెండు ఫిర్యాదులు. గట్టి వాన గంటసేపు పడితే పాత అంగళ్లలోకి నీళ్లు వస్తున్నాయి. వాన లేని రోజున బస్సు, లారీ ఎదురుపడితే వీధి స్తంభించిపోతోంది, ఎందుకంటే బళ్లన్నీ రోడ్డు మీదే ఆపుతున్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఏ ఫైల్లోనూ లేదు.

సంబంధం చూడాలంటే వానలో ఆ రోడ్డు అంచున నిలబడితే చాలు. ఏళ్ల తరబడి ప్రతి మరమ్మతులోనూ పాత తారు మీదే కొత్త పొర వేశారు. పొర నాలుగైదు సెంటీమీటర్లే, కానీ మూడు నాలుగు పొరలయ్యేసరికి నడి రోడ్డు 15 సెంటీమీటర్లకు పైగా లేచింది. తారు ఏడు మీటర్ల మేరకే వేస్తారు. తారు అంచుకూ కాలువ గోడకూ మధ్యనున్న మట్టి పట్టీ ఉన్నచోటే ఉండిపోయింది. కాలువ గోడ పైఅంచేమో ఆ పట్టీకన్నా ఎత్తు. రోడ్డు నీరంతా పట్టీలోకి దిగి అక్కడే నిలిచేది, కాలువలోకి ఎక్కలేకపోయేది. అక్కడక్కడా గోడకు రంధ్రం పెట్టి పెట్టిన పైపు ముక్కలు మట్టితో మూసుకుపోయాయి. బురద పట్టీలో స్కూటరు ఎవరు ఆపుతారు? తారు మీదే ఆపుతారు. రెండు పక్కలా రెండేసి మీటర్లు అలా పోతే ఏడు మీటర్ల రోడ్డులో మిగిలేది మూడు.

ఇక అంగళ్ల సంగతి. రోడ్డు లేచిన కొద్దీ యజమానులు గచ్చు ఎత్తు చేసుకున్నారు. ఎత్తు చేసుకున్న గచ్చుకు మెట్లు కావాలి, బండి ఎక్కడానికి ర్యాంపు కావాలి. ఆ ర్యాంపు కాలువ మీదుగా సిమెంటుతో పోసేశారు. ఒకసారి పోశాక కింద పూడిక తీయడానికి పార చొరదు. ఒక బట్టల కొట్టు ముందు ర్యాంపు పగలగొట్టించి చూశాం. మీటరు లోతు కాలువలో ముప్పావు వంతు పూడిక. పారతో నిలువుగా కోస్తే పొరలు పొరలుగా కనిపించింది: అడుగున నల్ల బురద, దాని మీద ఇళ్ల కట్టుబడి ఇసుక, పైన పాలిథిన్ సంచులు. కాలువను అడ్డంగా దాటుతున్న కుళాయి పైపుకు పూలదండల దారం, కొబ్బరి పీచు ముద్దగా చుట్టుకుని ఉన్నాయి. ఇటువంటి కుళాయి పైపు ప్రతి నాలుగు అడుగులకూ ఒకటి. అంచనాల్లో వీటి ఊసే ఉండదు.

అప్పటికే చేసి చూసినవి

మొదట బోర్డులు పెట్టారు, తర్వాత సరి తేదీల్లో ఒక పక్క, బేసి తేదీల్లో మరో పక్క అని పార్కింగు పెట్టారు. ఇది చాలా ఊళ్లలో ఉన్నదే, తప్పేమీ లేదు. కానీ ఇక్కడ రెండు పక్కలా బురదే అయినప్పుడు ఏ తేదీన ఏ పక్క అన్నది బండి ఉన్నవాడికి అక్కరలేని విషయం. ట్రాఫిక్ కానిస్టేబులు ఉన్నంతసేపు నడిచింది.

తర్వాత కాలువ లోతు పెంచారు. వినడానికి సబబుగానే ఉంటుంది: నీళ్లు పొంగుతున్నాయి, కాబట్టి కాలువ చిన్నది, కాబట్టి లోతు తవ్వాలి. తవ్వే ముందు కల్వర్టు అవతల డ్రెయిన్లో నీటి మట్టం ఎంత ఉంటుందో చూడలేదు. కొత్త అడుగు డ్రెయిను అడుగుకన్నా దిగిపోయింది. పెరిగిన లోతులో వేసవిలో కూడా నీళ్లు నిలిచి, ఊరికి దోమలు వచ్చాయి తప్ప వాననీటికి ఒక్క లీటరు తోవ పెరగలేదు. మైదాన ప్రాంతంలో కాలువ లోతు అంటే పారే చివర నుంచి వెనక్కి లెక్కకట్టుకునేది. మన చేతిలో ఉన్నది వాలు మాత్రమే. లోతు మనం కోరుకుంటే వచ్చేది కాదు.

మూడోది పంపులు. బజారుకు దగ్గరగా ఉన్నది పంట కాలువే కనుక నీటిని తోడి అందులో పోశారు. కాలువ అధికారులు ఆపించారు, ఆపించడమే సరైనది. దిగువ గ్రామాల మంచినీటి చెరువులు ఆ కాలువతోనే నింపుకుంటారు. బజారు వీధి కడిగిన నీటిని వాళ్ల బిందెల్లోకి పంపే హక్కు ఏ మున్సిపాలిటీకీ లేదు.

ఇంకుడు గుంతలూ తవ్వారు. మెట్ట ప్రాంతంలో మంచి పనే. డెల్టాలో వానాకాలం భూగర్భ జలం చేతికందే లోతులో ఉంటుంది, పైన ఉన్నది నల్ల బంకమట్టి. గుంత తవ్వగానే నీరు కిందికి ఇంకడానికి బదులు కింది నుంచే ఊరింది.

లెక్క ఏం చెప్పింది

నేను మొదట అడిగింది లెవెల్ సర్వే, అంటే ఎత్తుల కొలత. రోడ్డు, కాలువ అడుగు, కాలువ అంచు, ప్రతి అంగడి గచ్చు, కల్వర్టు, డ్రెయిను అడుగు, పక్కనున్న ఊర చెరువు, అన్నిటి ఎత్తులూ ఒకే బెంచిమార్కు (కదలని గుర్తు) నుంచి తీయాలి. మూడు ఫైళ్లలో మూడు సర్వేలు ఉన్నాయి కానీ ఒక్కోటి ఒక్కో చోటి ఎత్తును వంద మీటర్లు అనుకుని మొదలుపెట్టింది, ఒకదానితో ఒకటి కలవవు. వాలు మొత్తమే 28 సెంటీమీటర్లున్న చోట పది సెంటీమీటర్ల తేడా ఉన్న సర్వేతో డిజైను చేయలేం.

ఆ వీధిలోకి దిగే విస్తీర్ణం సుమారు 18 హెక్టార్లు. అంతా గచ్చు, రేకు, తారు, కాబట్టి పడిన వానలో 80 శాతం పారుతుందనుకున్నాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే రేషనల్ పద్ధతిలో (విస్తీర్ణాన్నీ, వాననూ, పారే శాతాన్నీ గుణించే లెక్క) సెకనుకు 2 ఘనపు మీటర్లు వస్తుంది. గంటసేపు అలా పడితే 7,200 ఘనపు మీటర్లు. కాలువ కొలతలు, వాలు, గరుకుదనం బట్టి ఎంత నీరు పారుతుందో చెప్పే మానింగ్ సూత్రం ప్రకారం 2,500 మీటర్లకు ఒక మీటరు వాలుతో శుభ్రంగా ఉన్న కాలువ ఒక్కోటి సెకనుకు 0.8 ఘనపు మీటర్లకు కాస్త పైన తీసుకెళుతుంది. రెండూ కలిపి గంటకు దాదాపు 6,000. అదే నలభై శాతం పూడి, అడుగు గరుకైతే రెండూ కలిపి 2,300 చాలు చాలనట్టుగా పోతుంది. అంటే కొత్త కాలువ కట్టడం కన్నా ఉన్న కాలువ నోరు తెరిచి ఉంచడమే ఎక్కువ ఫలితం. వాలు వర్గమూలంతోనే వేగం మారుతుంది కనుక, ఎంత డబ్బు పోసినా వాలు వైపు నుంచి గెలిచేది కొద్దే.

ఈ లెక్కంతా డ్రెయిను ఖాళీగా ఉన్నప్పటిది. డ్రెయిను నిండి ఉంటే మన కాలువ పారేది సున్నా. పైగా నీరు వెనక్కి తంతుంది. కాబట్టి ప్రశ్న మారింది. నీటిని ఎంత వేగంగా పంపాలి అని కాదు, డ్రెయిను దిగేదాకా ఎక్కడ ఆపాలి అని.

ఇంకో లెక్క పార్కింగుది. పొద్దున నుంచి రాత్రి దాకా అరగంటకొకసారి వీధి పొడవునా బళ్ల నంబర్లు రాయించాం. కొనడానికి వచ్చినవాళ్ల బళ్లు అరగంటలో, గంటలో కదిలిపోతున్నాయి. పొద్దున వచ్చి రాత్రి దాకా కదలని బళ్లు అంగళ్ల యజమానులవి, గుమాస్తాలవి. వర్తక సంఘం సమావేశంలో ఈ పట్టిక చదివినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బహుళ అంతస్తుల పార్కింగు కట్టాలన్న ప్రతిపాదన అక్కడితో ఆగింది. దాన్ని కట్టడానికి డబ్బూ లేదు, కట్టినా అక్కడ నిండేది గుమాస్తాల బళ్లే. వాటికి లాకుల దగ్గర ఖాళీగా పడి ఉన్న పాత గిడ్డంగి స్థలం చాలు, నడిస్తే అయిదు నిమిషాలు.

రోడ్డు దించాలన్న నిర్ణయం

పై లెక్కలన్నీ ఒకే చోటికి తెచ్చాయి. మూడు ఫైళ్లను పక్కన పెట్టి, అంగడి గడప నుంచి ఎదుటి గడప దాకా ఒకే అడ్డుకోత గీశాం. నడి రోడ్డు నుంచి తారు అంచుకు రెండున్నర శాతం వాలు, అక్కడి నుంచి 2.2 మీటర్ల పార్కింగు పట్టీకి మూడు శాతం, పట్టీ చివర ఇనుప జల్లెడ, దాని కింద కాలువ. నడి రోడ్డుకూ కాలువ నోటికీ మొత్తం 15 సెంటీమీటర్ల తేడా. కాలువ నోటి ఎత్తు డ్రెయిను నుంచి వెనక్కి లెక్కకట్టి స్థిరపరిచాం. ఆ ఎత్తు నుంచి పైకి వెళితే నడి రోడ్డు ఇప్పుడున్న చోటు కన్నా దిగాలి. పాత పొరలన్నీ తీసేయాలి.

ఇది చెప్పగానే కౌన్సిల్లో వచ్చిన నవ్వు గుర్తుంది. ఊళ్లో రోడ్డు ఎత్తు చేయించిన కౌన్సిలరుకే పేరు వస్తుంది. మునిగే వీధిని ఇంకా దించుతానన్నవాడికి పిచ్చి అనుకుంటారు. ఒక పెద్దాయన సూటిగా అడిగారు: "ఇంజనీరు గారూ, మీరు మా ర్యాంపులు కొడతారు, రోడ్డు తవ్వుతారు. తీరా వాన పడ్డాక నీళ్లు లోపలికే వస్తే మేం ఎవరిని అడగాలండి?"

ఆయన్ని ఒప్పించింది వాననీటి లెక్క కాదు, ర్యాంపు లెక్క. ఆయన గచ్చు ముందున్న మట్టి పట్టీకి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. నాలుగుకు ఒకటి చొప్పున బండి ఎక్కే ర్యాంపు వేస్తే 1.8 మీటర్లు ముందుకు రావాలి. రోడ్డు 15 సెంటీమీటర్లు దిగితే గచ్చు ఇంకా ఎత్తవుతుంది కదా అని ఆయన అనుమానం. కానీ ర్యాంపు దిగేది నడి రోడ్డు మీదికి కాదు, పార్కింగు పట్టీ మీదికి. ఆ పట్టీ ఇప్పుడున్న బురద కన్నా పైకి వస్తుంది, కాలువ అంచుతో సమం అవుతుంది. గచ్చుకూ పట్టీకీ తేడా 30కి తగ్గుతుంది, ర్యాంపు 1.2 మీటర్లతో ముగుస్తుంది, బండి అంగడి ముందే సిమెంటు మీద ఆగుతుంది. కొట్టు ముందు సుద్దతో గీసి, ఆయన స్కూటరే అక్కడ నిలబెట్టి చూపించాం. ఆ తర్వాత సంఘంలో మా తరఫున మాట్లాడింది ఆయనే.

ర్యాంపులు పూర్తిగా నిషేధించలేదు. కాలువ మీద పోసిన సిమెంటు తీసేసి, ఇద్దరు మనుషులు ఎత్తగలిగే పలకలు వేశాం. పలకల కొక్కేలు పైకి పొడుచుకు రాకుండా గుంటలో కూర్చోబెట్టాలి. లేకపోతే కాళ్లకు తగులుతున్నాయని ఎవరో ఒకరు కోసేస్తారు, అప్పుడు పలక మళ్లీ ఎప్పటికీ లేవదు.

కార్లకు ఒక పక్క రోడ్డు వెంబడి, ద్విచక్ర వాహనాలకు మరో పక్క అడ్డంగా గీతలు గీశాం. ప్రతి జల్లెడ దగ్గరా గీతలు ఆగిపోతాయి, ఆ ఖాళీలో ఒక చిన్న రాతి దిమ్మ. దిమ్మ లేకపోతే అక్కడే బండి పెడతారు, బండి టైరు జల్లెడ మీద, టైరు ముందు చెత్త. సరుకు దించే వ్యాన్లకు ఉదయం ఎనిమిదిలోపు, రాత్రి తొమ్మిది తర్వాత సమయం ఇచ్చాం. ఇందులో ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

పని ఎండాకాలంలోనే చేయాలి. పంట కాలువలు కట్టేసిన వారాల్లో మాత్రమే గట్టు వైపు ఊట తగ్గి కాంక్రీటు పట్టే నేల దొరుకుతుంది. తీరా అదే పెళ్లిళ్ల సీజను, బట్టల కొట్లకు బతుకుతెరువు. అందుకని వీధిని ముక్కలుగా చేసి, ముందు దిగువ చివర నుంచి మొదలుపెట్టాం. ఎగువ నుంచి మొదలుపెడితే మధ్యలో వాన వచ్చినప్పుడు నీరు పోయే చోటు ఉండదు. తవ్వగానే లోతు తక్కువలో వేసిన మంచినీటి పైపులు బయటపడ్డాయి. వాటిని దించడానికి అంచనాలో డబ్బు పెట్టి ఉండడం వల్ల పని ఆగలేదు. కాలువను దాటే కుళాయి పైపులన్నిటినీ కాలువ అడుగు కిందికి మార్చాం. ఈ పనికి ఎవరూ ప్రారంభోత్సవం చేయరు కానీ, నా అంచనాలో పూడిక సగానికి సగం తగ్గింది దీనివల్లే.

చెరువు

వీధి దిగువన రెండెకరాల ఊర చెరువు ఉంది. మీటరు నీరు తగ్గించి ఉంచితే 8,000 ఘనపు మీటర్ల చోటు, అంటే గంట వానకు సరిపోతుంది. అయితే రోజూ పారే వాడుక నీరు చెరువులో పడకూడదు. అందుకని కాలువ గోడకు 60 సెంటీమీటర్ల ఎత్తులో పక్క నుంచి పొంగు గోడ కట్టాం. మామూలు రోజుల్లో నీరు దాని అంచుకు కిందుగానే పారి డ్రెయిన్లోకి పోతుంది. గట్టి వానలో మట్టం లేచినప్పుడే చెరువులోకి పొర్లుతుంది. కల్వర్టు అవతలి నోటికి ఒక్కవైపే తెరుచుకునే ఫ్లాప్ గేటు పెట్టాం, డ్రెయిను నీరు ఊళ్లోకి తన్నకుండా.

చెరువు మట్టం తగ్గించేటప్పుడు తొందర పడకూడదు. బంకమట్టి గట్టు నీళ్లు తాగి బరువుగా ఉంటుంది, ఎదుట నీటి ఒత్తిడి ఒక్కసారిగా తీసేస్తే జారిపోతుంది. ఒక వైపు బడి ప్రహరీ గోడ ఉంది. రోజుకు జానెడుకు మించి దించవద్దని రాసి పెట్టాం.

డ్రెయిను దిగువ రైతులు ముందు ఒప్పుకోలేదు. "కోతకొచ్చిన స్వర్ణ వరి పడిపోయి నీళ్లలో ఉంటుంది. అప్పుడు మీ బజారు నీళ్లు కూడా మా మీదికే తోలుతారా బాబూ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. చెరువులో ఆపి, డ్రెయిను మట్టం వాళ్ల చేల గట్ల కిందికి దిగాకే వదులుతామని, ఆ మట్టం కల్వర్టు గోడ మీద ఎర్ర గీతగా రాస్తామని ఒప్పందం. గీత ఎక్కడ ఉండాలో వాళ్లనే చూపించమన్నాం.

ఫలితం, హద్దులు

తర్వాతి వానాకాలాల్లో గట్టి వానలకు రోడ్డు మీద నీరు నిలిచింది, నిలవాలనే డిజైను. చక్రం తడిసేంత లోతులో పార్కింగు పట్టీల మీద నిలిచి, వాన తగ్గాక దిగిపోయింది. అంగళ్లలోకి రాలేదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను లాంటివాటికి ఈ ఏర్పాటు చాలదని కౌన్సిల్ తీర్మానంలోనే రాయించాను. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరాక ఊరి ఇంజనీరు చేయగలిగింది వేరు, ఈ వీధి డిజైను వేరు.

ఇదే సమస్యతో వచ్చే తోటి ఇంజనీర్లకు నేను ముందుగా అడిగేది ఒక్కటే: మీ రోడ్డు మీద తారు ఎన్ని పొరలుందో తవ్వి చూశారా? ఆ తర్వాతే కాలువ సైజు మాట. కొత్త పొర వేయాలంటే పాతది గీకి తీయాలన్న షరతు టెండర్లో లేకపోతే, ఇప్పుడు దించిన రోడ్డు పదేళ్లలో మళ్లీ లేస్తుంది. మేం కాలువ గోడల్లో రాతి గుర్తులు పాతి, ఏ పనైనా ఆ గుర్తు దాటకూడదని పెట్టాం. ఇప్పటికే ఒకచోట పైపు మరమ్మతు తర్వాత సిమెంటు అతుకు రెండు వేళ్ల ఎత్తుగా పోశారు. వెంటనే దాని వెనక మడుగు కట్టింది. గుర్తు ఉంది కాబట్టి వాదన లేకుండా కొట్టించగలిగారు. తీసిన పూడికను ఆ రోజే ట్రాలీలో ఎత్తించడం కూడా అంతే ముఖ్యం. గట్టున కుప్ప పోస్తే తర్వాతి వానకు అదే కాలువలోకి దిగుతుంది.

తేలనిది చెరువు వేలం పాట. అంతకుముందు చెరువును ఏడాది పొడవునా చేపలకు పాడుకునేవాళ్లు. ఇప్పుడు వానల ముందే పట్టుబడి పూర్తి చేసి మట్టం దించాలి కనుక పాట మొత్తం తగ్గింది, పైగా పంపుకు డీజిలు ఖర్చు. ఆ లోటును వీధిలో పార్కింగు రుసుముతో పూడ్చాలని మేం ప్రతిపాదించాం. చెరువు కాపాడేది ఆ వీధినే కాబట్టి అది సబబని నా అభిప్రాయం. రుసుముకు వర్తక సంఘం ఒప్పుకుంది కానీ మొదటి గంట ఉచితం ఇవ్వాలంటోంది. మా నంబర్ల పట్టిక ప్రకారం కొనడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గంట దాటరు, కాబట్టి రుసుము వచ్చేది దాదాపు ఉండదు. అరగంట ఉచితం దగ్గర బేరం నడుస్తోంది.